మేనల్లుడికి చవకైన రైఫిలు: ఒక ఆర్మరర్ చెప్పిన మాటలు

మా చెల్లెలి కొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. మొన్న సంక్రాంతికి చీపురుపల్లి దగ్గరున్న మా ఊరికి వచ్చాడు. కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, "మావయ్యా, ఒక బోల్ట్ యాక్షన్ రైఫిలు కొనుక్కుందామనుకుంటున్నాను. మొత్తం మీద తొమ్మిది వందల డాలర్లకు మించి పెట్టలేను. ఏది కొనమంటావు?" అని అడిగాడు. బోల్ట్ అనే ఉక్కు కడ్డీని ప్రతి తూటాకూ చేత్తో తెరిచి మూసే రకం అది. నేను 1984 నుంచి 2008 దాకా సైన్యంలో ఇ.ఎం.ఇ. అనే మరమ్మతుల విభాగంలో ఆర్మరర్‌గా పనిచేశాను. ఇరవై నాలుగేళ్లు తుపాకులు విప్పి, కొలిచి, బాగుచేసి, పరీక్షించి యూనిట్లకు తిరిగి పంపడమే నా వృత్తి. కాబట్టి ఆ ప్రశ్నకు నోటి మాటగా ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాలేదు. ఆ సాయంత్రం మొదలైన సంభాషణ ఆ తరువాత రెండు నెలల పాటు ఫోనులో సాగింది. విదేశాల్లో ఉన్న మన పిల్లల్లో మరికొందరికి కూడా పనికివస్తుందని అందులోని ముఖ్యమైన భాగాన్ని ఇక్కడ రాస్తున్నాను.

రైఫిలు ఎందుకు కావాలో ముందు అడిగాను. అతని సహోద్యోగి కుటుంబానికి పశువుల పొలం ఉంది. అడవి పందులు రాత్రికి రాత్రి అక్కడి పచ్చిక బయళ్లను నాగలి పెట్టి దున్నినట్టు పెళ్లగిస్తున్నాయి. ఒకప్పుడు స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు అడవిలో పడి పెరిగాయి. ఆ తరువాత వేట కోసం యూరోపు నుంచి తెచ్చి వదిలిన అడవి పందులు వాటితో కలిశాయి. ఇప్పుడక్కడ ఉన్నది ఆ కలగలుపు సంతతి. మన కొండవాలు పొలాల్లో వేరుశనగనూ మొక్కజొన్ననూ తవ్విపోసే పంది కూడా ఆ జాతిదే. టెక్సాస్‌లో 2019 నుంచి, భూయజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో ఈ పందులను వేటాడడానికి వేట లైసెన్సు కూడా అవసరం లేదు.

అయితే ఇక్కడే మన వాళ్లు పొరబడే అవకాశం ఉంది. పందిని కాల్చడానికి వేట లైసెన్సు అక్కర్లేకపోయినా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్న వ్యక్తి అసలు తుపాకీని దగ్గర ఉంచుకోవడానికే అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఒక మినహాయింపు కావాలి. ఆ మినహాయింపుల్లో మామూలు మనిషికి అందుబాటులో ఉన్నది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అంటే పందుల కోసం కాకపోయినా తుపాకీ కోసం ఆ లైసెన్సు తీసుకోవాల్సిందే, దాని గడువు ముగియకుండా చూసుకోవాల్సిందే. మా వాడికి గ్రీన్ కార్డు వచ్చింది కనుక అతనికి ఆ చిక్కు లేదు. అయినా 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి టెక్సాస్ నిర్దేశించిన వేట శిక్షణ తరగతిని ముందుగా పూర్తి చేయమని పట్టుబట్టాను. రైఫిలు కొనకముందే ఆ తరగతికి వెళ్లాడు.

ఇక్కడి పాఠకులు కూడా అడుగుతారు కనుక మన దేశపు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో వినోదం కోసం వేటాడే లైసెన్సులన్నీ పోయాయి. 1959 నాటి ఆయుధ చట్టం, పంట కాపలాకు మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చునని చెబుతుంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే గాడులు లేని నున్నని గొట్టం ఉన్న మరో తుపాకీకి ఇవ్వవచ్చునని కూడా చెబుతుంది. అంతేగాని పంట కాపలా పేరుతో రైఫిలు ఇమ్మని ఆ సెక్షను చెప్పదు. పైగా పంట కాపలాకు లైసెన్సు రావడం వేరు, అడవి పందిని చంపడానికి అటవీ శాఖ అనుమతి ఉండడం వేరు. ఆ అనుమతి లేకుండా కాల్చితే నేరమే. సైన్యం వాడిన .303 బోరు (గొట్టం, తూటాల కొలత), 7.62 బోరు మనకు నిషిద్ధాలు కనుక, లైసెన్సు ఉన్న పౌరుల కోసం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు బ్రిటిష్ సైన్యపు పాత .303 రైఫిలైన లీ-ఎన్‌ఫీల్డ్ నమూనా మీద .315 బోరులో రైఫిలు తయారుచేశాయి. మన వైపు పాత జమీందారీ ఇళ్లలో కనిపించేవి ఎక్కువగా అవే. ఇక పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లను ఈ సందర్భంగా చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఆ తీగకు పంది కంటే ముందు, నీళ్లు పెట్టడానికి చీకట్లో వచ్చిన పక్క పొలం రైతు తగులుతాడు.

నా చిన్నతనంలో జరిగిన ఒక సంఘటన రైఫిలు గురించి నా ఆలోచనను ఈనాటికీ నడిపిస్తోంది. మా ఊరి తోటలో ఒకాయన నాటు తుపాకీతో పందిని కాల్చాడు. దెబ్బ వెనక కాలికి తగిలింది. పంది జీడితోటలోకి వెళ్లి మూడు రోజులు బతికింది. రాత్రిళ్లు దాని అరుపు మా ఇంటి దాకా వినిపించేది. నాలుగో రోజు దాన్ని వెతికి పట్టుకున్నప్పుడు ఆ కాలు పురుగులు పట్టి ఉంది. ఆ తుపాకీ ఖరీదు తక్కువ కావడం వల్ల ఆ దుర్గతి పట్టలేదు. దాని దెబ్బ ఎక్కడ పడుతుందో కాల్చినవాడికి తెలియకపోవడం వల్ల పట్టింది. అందుకే మేనల్లుడికి మొట్టమొదట చెప్పిన మాట ఇది: వంద గజాల దూరంలో నువ్వు అనుకున్న చోటే, మొదటి గుండే, ప్రతిసారీ పడాలి. ఆ పని చేసే రైఫిలు ఎంత చవకదైనా చాలు, చేయలేనిది ఎంత ఖరీదైనదైనా వద్దు.

కాబట్టి తొమ్మిది వందల డాలర్లను అరుగు మీదే పంచాము. రైఫిలుకు నాలుగు వందల యాభై, స్కోపుకు (గురి చూసే దుర్బిణికి) రెండు వందలు, దాన్ని బిగించే బేసులకూ రింగులకూ యాభై, మిగిలిన రెండు వందలూ తూటాలకు. రైఫిలుకే ఏడెనిమిది వందలు పెట్టి, మిగిలిన కొద్ది డబ్బుతో నాసిరకం స్కోపు తగిలించి, ఒక్క పెట్టె తూటాలతో పొలానికి వెళ్లేవాడి కంటే ఈ పంపకం చేసుకున్నవాడు బాగా కాలుస్తాడని నా నమ్మకం. వేట తూటా ఒక్కోటి డాలరు పైమాటే కాబట్టి సాధనకు డబ్బు ముందే విడిగా తీసిపెట్టకపోతే ఆ సాధన జరగదు.

నాలుగు వందల డాలర్ల రైఫిలు అంత చవకగా ఎలా వస్తుందని మా వాడు సందేహించాడు. ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే జవాబు ఆర్మరర్ పనిలోనే ఉంది. బోల్ట్ మూసినప్పుడు దాని ముఖం నుంచి, చాంబరులో (తూటా కూర్చునే గదిలో) తూటాను ముందుకు పోకుండా ఆపే చోటు దాకా ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఆ దూరం ఎక్కువైతే తూటా గొట్టం చీలి వేడి వాయువు వెనక్కి తన్నుతుంది, తక్కువైతే బోల్ట్ మూసుకోదు. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిలుకు ఈ కొలత సరిచేయడానికి 0, 1, 2, 3 అని అంకెలు వేసిన నాలుగు రకాల బోల్ట్ తలలు ఉండేవి. గేజి (కొలత దిమ్మె) పెట్టి చూసి, ఒకటి విప్పి మరొకటి బిగించి, మళ్లీ గేజి పెట్టేవాళ్లం. పాత పద్ధతిలో తయారైన ఖరీదైన వేట రైఫిళ్లలో అయితే బ్యారెల్ (గొట్టం) భుజాన్నీ చాంబరునూ నిపుణుడు కొద్దికొద్దిగా కోస్తూ కొలతకు తేవాలి, దానికి సమయమూ కూలీ పడతాయి. శావేజ్ కంపెనీ 1958లో తెచ్చిన 110 నమూనాలో ఈ పనిని ఒక నట్టుతో తేల్చేశారు. చాంబరులో గేజి పెట్టి, బోల్ట్ మూసి, బ్యారెల్‌ను గేజికి తగిలే దాకా తిప్పి, బ్యారెల్ మీది నట్టును బిగిస్తే కొలత సరిగ్గా కుదురుతుంది. దానికి తోడు బోల్ట్ తల విడిగా, కొద్దిగా కదిలేటట్టు ఉంటుంది కనుక బోల్టును లోపల పట్టి ఉంచే రెండు పళ్లూ (లగ్గులు) సమానంగా ఆనుకుంటాయి. చూడడానికి ఆ నట్టు అందంగా ఉండదు. కానీ నా సర్వీసులో నేను కోరుకున్న సౌకర్యం సరిగ్గా అదే.

చవక రైఫిలులో డబ్బు ఇంకా ఎక్కడెక్కడ మిగిలిందో కూడా అతనికి వివరించాను. బోల్ట్ కదిలే గూడైన రిసీవరును గుండ్రని ఉక్కు కడ్డీ నుంచి తేలిగ్గా లేతు మీద తీస్తారు. చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే స్టాకునూ, తూటాలు నింపే మ్యాగజైనునూ ప్లాస్టిక్కుతో అచ్చు పోస్తారు. పైమెరుగుకు శ్రమ పడరు. అయితే గుండు దారిని నిర్ణయించే బ్యారెల్ దగ్గర మాత్రం మంచి కంపెనీలు ఆదా చేయలేదు. ఉదాహరణకు 2012 నుంచి దుకాణాల్లో దొరుకుతున్న రూగర్ అమెరికన్ రైఫిలుకు చల్లని ఉక్కును సుత్తిపోట్లతో సాగదీసి, గాడులు తేల్చిన బ్యారెల్ ఉంటుంది. రిసీవరును స్టాకులో ఉక్కు వి-ఆకారపు దిమ్మెల మీద కూర్చోబెడతారు. బోల్టుకు మూడు లగ్గులు ఉండడం వల్ల పిడిని 70 డిగ్రీలు ఎత్తితే చాలు, స్కోపుకు వేళ్లు తగలవు. శావేజ్ ఆక్సిస్‌లో రెండు లగ్గులే కనుక 90 డిగ్రీలు ఎత్తాలి. లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ 60 డిగ్రీలతోనే తెరుచుకునేది. ఆ వేగానికి అలవాటుపడిన నా చేతికి ఆక్సిస్ బరువుగా అనిపించవచ్చు గాని, కొత్తగా నేర్చుకునేవాడికి అది అడ్డం కాదు.

నేను సూచించినవి ఈ రెండే: ఆక్సిస్ 2 గానీ, రూగర్ అమెరికన్ గానీ. మాస్‌బర్గ్ పేట్రియట్, వించెస్టర్ ఎక్స్‌పీఆర్ కూడా మంచివే. ఫిన్లాండులో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ బోల్ట్ నూనెలో జారినట్టు కదులుతుంది, డబ్బుంటే నేను అదే కొంటాను. కానీ దాని ధర మా లెక్కకు అందదు.

ఈ చవక రైఫిళ్లలో నాకు అసంతృప్తి కలిగించేది ప్లాస్టిక్ స్టాకు ముందు భాగం. చేత్తో పట్టి గట్టిగా నొక్కితే అది వంగి బ్యారెల్‌కు తగులుతుంది. అలా తగిలినప్పుడు కాల్పు సమయంలో బ్యారెల్ కంపించే తీరు మారి గుండు పక్కకు పోతుంది. దుకాణంలో ఒక చిన్న పరీక్ష చేయమన్నాను. ఒక నోటును బ్యారెల్‌కూ స్టాకుకూ మధ్య దూర్చి చాంబరు దాకా లాగాలి, అది ఎక్కడా పట్టుకోకూడదు. తరువాత స్టాకు కొసను సంచి మీద ఆనించి, వెనక నుంచి బరువు వేసి, నోటును మళ్లీ లాగి చూడాలి. ఇదంతా చెబుతూనే ప్లాస్టిక్కుకు న్యాయం కూడా చేయాలి. మన వర్షాకాలంలో .303 రైఫిలు కొయ్య ఉబ్బి బ్యారెల్‌ను నెట్టేది, ఎండాకాలంలో జీరో చేసిన (గురి సరిచేసిన) ఆయుధం శ్రావణంలో మరో చోట కొట్టేది. ప్లాస్టిక్కుకు ఆ బాధ లేదు.

ట్రిగ్గరు గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేకుండా పోయింది. 2002లో శావేజ్ తెచ్చిన ఆక్యూట్రిగ్గర్, ట్రిగ్గరు నొక్కడానికి పట్టే బరువును వాడేవాడే సర్దుకునే వీలు కల్పించింది. ఆ పోటీకి తట్టుకోవడానికి మిగిలిన కంపెనీలు కూడా తమ ట్రిగ్గర్లను మెరుగుపరిచాయి. రూగర్‌లో 3 నుంచి 5 పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు. పెట్టెలోంచి తీసినప్పటి బరువునే మొదటి రెండు వందల తూటాల దాకా ఉంచమన్నాను. సేఫ్టీ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాను: సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ తెరిచి చాంబరులోని తూటాను తీయగలిగే ఏర్పాటు ఉన్న రైఫిలునే తీసుకోవాలి.

మా వాడు అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. అమెరికా రైఫిళ్లు వాళ్ల కొలతలకు తయారవుతాయి. మడమ (భుజానికి ఆనే స్టాకు వెనక భాగం) చివర నుంచి ట్రిగ్గరు దాకా మామూలు నమూనాల్లో దాదాపు పదమూడున్నర అంగుళాలు ఉంటుంది. అది అతని చేతికి ఎక్కువైతే మెడ ముందుకు సాచాలి, కన్ను స్కోపు వెనక నిలకడగా కుదరదు, భుజం మీద మడమ సరిగ్గా ఆనదు. పాత లీ-ఎన్‌ఫీల్డ్‌కు పొడవు, మామూలు, పొట్టి, అంతకన్నా పొట్టి అని బట్‌లు వేర్వేరు కొలతల్లో వచ్చేవి, జవాను చేతి పొడవును బట్టి ఆర్మరర్ దాన్ని మార్చేవాడు. వంద ఏళ్ల క్రితం సైన్యం సిపాయికి ఇచ్చిన ఆ సౌకర్యాన్ని డబ్బు పెట్టి కొనుక్కునేవాడు వదులుకోవడం ఎందుకు? మోచేతి మడతలో మడమ ఆనించి, చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గరుకు హాయిగా అందుతోందో లేదో చూడమన్నాను. అందలేదు. అందుకే పన్నెండున్నర అంగుళాల కాంపాక్ట్ నమూనా వైపు మొగ్గు చూపాము.

బోరు ఎంపికలో నేను పొరబడ్డాను, ఆ సంగతి దాచడం లేదు. .308 వించెస్టర్ తీసుకోమని నేను పట్టుబట్టాను. అది 1952లో వచ్చింది. మేము సైన్యంలో ఎస్.ఎల్.ఆర్. (సెల్ఫ్ లోడింగ్) రైఫిళ్లలో వాడిన 7.62 తూటాకు తోబుట్టువు వంటిది. దాని మీద నాకున్న మమకారం నా సలహాలోకి చొరబడింది. కానీ ఎస్.ఎల్.ఆర్. నాలుగు కిలోలు దాటిన ఆయుధం, దానిలో తన్నును కొంత వాయువు యంత్రాంగమే మింగేస్తుంది. మూడు కిలోలకు అటూఇటూ ఉండే తేలికపాటి బోల్ట్ యాక్షన్ రైఫిలులో అదే తూటా భుజాన్ని ఎలా గుద్దుతుందో నేను లెక్కలోకి తీసుకోలేదు. మా వాడు స్నేహితుడి రైఫిలుతో పది తూటాలు కాల్చి, ఆరో తూటా నుంచి ట్రిగ్గరు నొక్కే ముందే కళ్లు మూసుకుంటున్నానని నిజాయితీగా చెప్పాడు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించడం చాలా కష్టం, రిక్రూట్లలో ఎందరినో చూశాను. అందుకని 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌కు మారాము. దాని తన్ను స్పష్టంగా తక్కువ, వంద, నూట యాభై గజాల్లో పందికి దాని బలం నిండుగా సరిపోతుంది, తూటాలు పెద్ద దుకాణాలన్నింటిలో దొరుకుతాయి. అంతకన్నా మెత్తగా కావాలంటే 1955 నాటి .243 వించెస్టర్ ఉంది. కాకపోతే ముదురు మగపందికి భుజం మీద చర్మం కింద దళసరి కవచం ఏర్పడుతుంది కనుక, .243 వాడేవారు లోతుగా దిగే గట్టి గుండును ఎంచుకోవాలి. బోరు ఏదైనా, పంది గుండె మనం అనుకునేదానికంటే కిందికీ ముందుకీ, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. జింకకు పెట్టిన గురినే పందికీ పెడితే దెబ్బ గుండెకు వెనకగా పడి, అది గాయంతో పారిపోతుంది.

మార్చిలో రూగర్ అమెరికన్ కాంపాక్ట్ కొన్నాడు. జీరో చేసే రోజున వీడియో కాల్‌లో నేను కూడా ఉన్నాను. బోల్ట్ యాక్షన్‌లో ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే, బోల్ట్ తీసేసి వెనక నుంచి బ్యారెల్ లోంచి నేరుగా లక్ష్యాన్ని చూడవచ్చు. రైఫిలును సంచుల మీద కదలకుండా పెట్టి, పాతిక గజాల దూరంలోని నల్లని చుక్క బ్యారెల్ మధ్యలో కనిపించేటట్టు సర్ది, రైఫిలు కదలకుండా స్కోపు గీతలను ఆ చుక్క మీదికి తిప్పించాను. ఇలా చేస్తే మొదటి గుండే కాగితం మీద పడుతుంది, తూటాలు వృథా కావు. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. సాధారణమైన స్కోపులో ఒక క్లిక్కు వంద గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది, అదే పాతిక గజాల దగ్గర అంగుళంలో పదహారో వంతు మాత్రమే జరుపుతుంది. అందుచేత పాతిక గజాల దగ్గర ఒక అంగుళం జరపాలంటే పదహారు క్లిక్కులు తిప్పాలి. మా వాడు నాలుగే తిప్పి, స్కోపు పాడైందని కంగారుపడ్డాడు. లెక్క చెప్పాక తరువాతి గుండు చుక్కను అంటుకుని పడింది.

ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. సైన్యంలో ఆయుధాలు కోత్‌లో (ఆయుధాల గదిలో) తాళం కింద ఉంటాయి, ఎవరు తీశారో ఎప్పుడు తిరిగి పెట్టారో పుస్తకంలో రాస్తారు. బోల్ట్ యాక్షన్ రైఫిలు కొన్నవాడికి దానికన్నా తేలికైన మార్గం ఉంది. బోల్ట్ తీసి ఒక తాళంలో, రైఫిలు మరో తాళంలో, తూటాలు మూడో చోట పెడితే, వాటిలో ఏదో ఒకటి పిల్ల చేతికి చిక్కినా పేలదు. మా చెల్లెలు ఇక్కడి నుంచి ఫోనులో ఆ మూడు తాళాలూ కళ్లారా చూశాకే కొడుకు రైఫిలుకు ఒప్పుకుంది.

మొన్న ఆదివారం వంద గజాల దగ్గర అయిదు తూటాల గ్రూపు ఫోటో పంపాడు. నాలుగు గుండ్లు అంగుళంన్నర లోపు ఉన్నాయి, అయిదోది రెండున్నర అంగుళాలు కుడికి పోయింది. రైఫిలు లోపమా, తనదా అని అడిగాడు. బేసుల మరలు, స్టాకు మరలు మొదటి ఇరవై తూటాల తరువాత ఒక్కోసారి వదులవుతాయి కనుక ముందు వాటిని టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు బిగించమన్నాను. బ్యారెల్‌ను పుల్‌త్రూతో (లోపలి నుంచి గుడ్డను లాగే తాడుతో), పొడి చిందీ గుడ్డతో శుభ్రం చేసి, చేత్తో పట్టుకోగలిగేంతగా చల్లారాక అయిదు తూటాలు మళ్లీ కాల్చి, కాగితం మీద వరుస అంకెలు వేసి పంపమన్నాను. అయిదోది మళ్లీ కుడికే పోతే వేడెక్కిన బ్యారెల్ స్టాకుకు తగులుతోందని అర్థం, అప్పుడు ఆ పక్కన ప్లాస్టిక్కును ఉప్పు కాగితంతో కొద్దిగా గీకాలి. వచ్చే ఆదివారం ఆ కాగితం రావాలి.